వాత పెట్టనీయలేదు

నా పెద్ద కూతురు మూడేళ్ళు నిండినా వీధి చివరిదాకా నడవలేకపోయేది. కాస్త పరుగెత్తితే చాలు, గొంతుక్కూచుని మోకాళ్ళు రొమ్ముకు అదుముకునేది. పెదాలు నేరేడుపండ్లు తిన్నట్లు నల్లబడేవి. గోళ్ళదీ అదే రంగు. కాసేపటికి తానే లేచి ఆటకు పోయేది. అది తెల్లదొరల ఏలుబడి, రెండో ప్రపంచ యుద్ధకాలం. వడమాలపేట పక్క పల్లెలో మా కాపురం.

"ఆడబిడ్డ వీధిలో అట్లా కూచుంటే నలుగురూ నవ్వరా?" అని మా అత్త రెక్క పట్టి లేపేది. లేపితే ఇంకా నల్లబడేది. కూచోనిస్తే తేరుకునేది. నేను చెబితే వినేదెవరు?

"కడుపుతో ఉన్నప్పుడు గ్రహణంనాడు కదలకుండా పండుకోమంటే, ఎనుముకు మేత వెయ్యను లేస్తివి. అనుభవించు ఇప్పుడు," అనేది.

"ఎనుము ఆకలికి గ్రహణం తెలుస్తుందా అత్తా?" అంటే, నాకు నోరెక్కువని ఊరంతా చెప్పేది.

కడాకు వాతలేసే ముసలాయన్ను మాట్లాడింది. పసుపుకొమ్ము కాల్చి బిడ్డ రొమ్ము మీద పెడితే దోషం పోతాదంట. ఆదివారం పొద్దున అని ఖాయం చేసినారు. మా ఇంటాయన వాళ్ళమ్మ మాటకే తలూపినాడు. నేను చదివింది రెండో తరగతి. కాలిస్తే మంట పుడుతుందిగానీ ఊపిరి రాదని తెలిసేదానికి ఆ మాత్రం బడి కూడా అక్కరలేదు.

శనివారం తెల్లారగానే సద్ది మూట కట్టుకుని, బిడ్డను చంకనేసుకుని, ఎవరినీ అడక్కుండా రైలెక్కి చిత్తూరు పోయినాను.

ఆస్పత్రి డాక్టరమ్మ ముందు బిడ్డను వాకిలిదాకా నడిపించమన్నింది. సగం దూరంలోనే బిడ్డ గొంతుక్కూచుంది. నేను కదల్లేదు.

"లేపవేమమ్మా?"

"లేపితే నల్లబడతాది."

డాక్టరమ్మ తానే వచ్చి బిడ్డ ఎదురుగా నేలమీద కూచుంది. నాలుక చాపించింది. ఉబ్బిన వేళ్ళ కొసలు నొక్కి చూసింది. రొమ్ము మీద అరచెయ్యి ఆనించి, తరువాత నా చెయ్యి లాక్కుని అక్కడే పెట్టింది. లోపల ఎవరో తిరగలి తిప్పతా ఉన్నట్లు అదురు. అన్నాళ్ళు మోసి, స్నానం చేయించి, ఆ అదురు నేనెరగను. కడాన గొట్టం చెవులకు పెట్టుకుని చానాసేపు వినింది.

"పుట్టుకతోనే గుండెలో బొక్క ఉండాది. చెడ్డనెత్తురు మంచినెత్తురులో కలిసిపోతా ఉండాది. అదే ఈ నలుపు."

"గ్రహణమా?"

"గ్రహణమూ లేదు, నీ తప్పూ లేదు."

"మందు?"

"లేదమ్మా." దాచకుండా చెప్పింది. "అలిసినప్పుడు అట్లే కూచోనియ్యి. దాని గుండెకు అదే సులువు."

వాత సంగతి చెప్పినాను. "పుండై జొరమొస్తే ఈ బిడ్డ తట్టుకోలేదు," అనింది.

రాత్రి స్టేషన్లో పడుండి ఆదివారం ఇల్లు చేరేసరికి వాకిట్లో నిప్పులు కణకణమంటా ఉండాయి. ముసలాయన పసుపుకొమ్ము చేతబట్టుకుని కూచున్నాడు.

"వచ్చిందిరా ఊళ్ళు తిరిగే దొరసాని," అనింది మా అత్త. "బిడ్డనిట్లా ఇయ్యి."

కుడితి కుండెత్తి నిప్పుల మీద కుమ్మరించినాను. గుక్కెడు కుడితి కూడా పారబొయ్యని దాన్ని నేను. బూడిద ముసలాయన పంచె మీదికి లేచింది.

"దీనికి వాత పెట్టాలంటే ముందు నాకు పెట్టు తాతా. ఇదిగో రొమ్ము."

ఆయన సంచి సర్దుకున్నాడు. మా అత్త నెలదినాలు నా చేతి కూడు తినలేదు. తినకపోతే పోనీ అనుకున్నాను, గింజలు మిగిలినాయి. ఆనాటినుంచి బిడ్డ ఎక్కడ అలిస్తే అక్కడ కూచునింది. అది వీధి గానీ, పెండ్లి పందిరి గానీ. నవ్వినోళ్ళ మొగం చూస్తా నేను పక్కన నిలబడినాను.

పదకొండేళ్ళకు పోయింది. గుండెతో పోయింది. కడసారి నీళ్ళు పోసేటప్పుడు దాని రొమ్ము నేనే తుడిచినాను. నున్నగా ఉండింది. దేవుడు చేసింది దేవుడు చేసినాడు. మనుషులను మాత్రం నేను చెయ్యనీలేదు.