దారి తప్పిన వెలుగు

ముదినేపల్లి దాటాక మా బస్సు చేపల చెరువుల మధ్య నుంచి వెళ్తుంది. పొద్దుటిపూట ఆ నీళ్లు కదలవు. ఎండ వాటి మీద పడి, అద్దం మీద పడినట్టు తిరిగి కళ్లలో కొడుతుంది. ఇవాళ నేను చూస్తుండగానే ఒక చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్లు తిరగడం మొదలుపెట్టాయి. నీటి మీద సన్నటి ముడతలు లేచాయి. అంతవరకు కళ్లు పొడిచిన ఎండ చెల్లాచెదురై, చెరువంతా లోపలి నుంచి వెలుగుతున్నట్టు పాలలా తెల్లబడింది. కిటికీలోంచి నాచు వాసన వస్తోంది. నాకు మాత్రం కుంకుడు నురగ వాసన తగిలి, సుభద్ర గారు గుర్తొచ్చారు.

ఆవిడ గుడివాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్సు ప్రొఫెసరు. పల్చటి పొరల సోలార్ సెల్స్ మీద పనిచేసేవారు. మిద్దెల మీద కనిపించే మామూలు పలకల్లో సిలికాన్ మందంగా ఉంటుంది. ఆవిడ సెల్స్‌లో అది గాజు మీద వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చని పూత. ఖర్చు తక్కువే కానీ అంత పల్చటి పొరలో వెలుగు నిలవదు, ఇలా వచ్చి అలా వెళ్లిపోతుంది. దాన్ని ఇంకాసేపు లోపల ఉంచగలిగితే కరెంటు పెరుగుతుంది. ఆవిడ ఆలోచనంతా ఆ ఇంకాసేపు గురించే.

నేను దివిసీమలో ఒకప్పటి దివాణం వారి మనవణ్ణి. నా కాలానికి దివాణమూ లేదు, భూములూ లేవు. మిగిలినవి ఇంటిపేరు, నిటారుగా నిలబడే అలవాటు. మా ప్రాంతంలో కొత్తవారు కనిపిస్తే, ‘మీరు ఎవరి తాలూకండీ?’ అని అడుగుతారు. ఆ కాలేజీలో సహాయకుడిగా చేరిన రోజు సుభద్ర గారు అడగకముందే మా తాతగారి పేరు చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, “అలాగా. రండి,” అన్నారు.

పూత వేసే యంత్రం ఉక్కు గంగాళంలా ఉంటుంది. దాని కిటికీ నడుము ఎత్తులో ఉంది.

“లోపల చూడాలంటే కాస్త వంగాలండీ, దొరగారూ.”

“స్టూలు ఇప్పించండి,” అన్నాను.

ఆవిడ పకపకా నవ్వారు. నవ్వుతూనే పక్క గదిలోకి వెళ్లి, స్టూలు తనే మోసుకొచ్చి వేశారు. నేను నిటారుగా కూర్చుని లోపలికి చూశాను. చీకట్లో వెండి ఆవిరై గాజు మీద వాలుతోంది. పొగమంచులో చంద్రుడు పుడుతున్నట్టుంది.

ఆ సంవత్సరం యాజమాన్యం ఒక మాట చెప్పింది. పాత సెల్ కన్నా మెరుగైనది చూపించకపోతే యంత్రం అమ్మేసి ఆ గదిలో కంప్యూటర్లు పెడతామని. నేను శక్తికొద్దీ పనిచేశాను. సెల్ వెనుక భాగాన మచ్చలేని వెండి పూత వేశాను. మా నాయనమ్మ వెండి పళ్లేలు మొహం కనిపించేదాకా తోమించేది. నా పూత అంతకన్నా నునుపు. కరెంటు కొలిచే మీటరు మాత్రం పాత అంకె నుంచి కదల్లేదు.

సుభద్ర గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “అద్దం బ్రహ్మాండంగా ఉందండీ. ఎవరు బొట్టు పెట్టుకోవాలి?”

“వెలుగు వెనక్కి తిరగాలి కదండీ.”

“తిరిగిందండీ. వచ్చిన దారినే వెళ్లిపోయింది. మీరు వీధి గుమ్మందాకా వచ్చి మరీ సాగనంపారు.”

మర్నాడు నన్ను బందరు తీసుకెళ్లారు. అక్కడ వాళ్ల అన్నయ్యకు గిల్టు నగల పని ఉంది. రాగి మీద పల్చగా బంగారు పూత వేసే పని అది, తండ్రి నాటి నుంచీ వస్తున్నది. గదంతా నగలు తోమే కుంకుడు నురగ వాసన. ఆయన నా ఇంటిపేరు వినగానే లేచి నిలబడ్డాడు.

“మీరా బాబూ! మీ నాయనమ్మగారి కాసులపేరు అచ్చు ఇంకా మా దగ్గరే...”

“అన్నయ్యా, ఆ రెండు గాజులూ ఇటివ్వు,” అన్నారు సుభద్ర గారు.

నాకు అర్థమైంది. పెళ్లిళ్లలో మెడ వంచకుండా నాయనమ్మ పెట్టుకున్న కాసులపేరు ఈ గదిలోనే పుట్టింది. అసలుది ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. మా ఇంటి పరువును అన్నాళ్లూ ఒక పల్చటి పొర మోసింది. ఆ సంగతి ఈవిడకు మొదటి రోజు నుంచీ తెలుసు.

ఆవిడ నా మొహంలోకి చూడలేదు. గుమ్మంలో ఎండకు రెండు గాజులూ పట్టుకున్నారు. ఒకటి మెరుగు పెట్టింది, ఒక్కవైపే తళుక్కుమంది. రెండోది ఇత్తడి తీగల బ్రష్షుతో గరుకు చేసిన మ్యాట్ గాజు. ఎటు తిప్పినా ఒకేలా, మెత్తగా వెలిగింది.

“చూశారా? దీని మీద వెలుగు దారి తప్పింది. మన పొరలో కూడా అలా తప్పాలి. దారి దొరక్క అక్కడే తిరుగుతుంది.”

తిరిగొచ్చాక, గాజు మీద ముందుగా వేసే పారదర్శకమైన పూతను నీళ్లు కలిపిన ఆసిడ్‌లో ముంచమన్నారు. “మీ చేత్తోనే ముంచండి.” తళతళలాడే గాజు నా పట్టకారు చివర పాలిపోయింది. ఆ గరుకు మీద సిలికాన్, దాని మీద వెండి వేశాం. కిందున్న గరుకు పైపొరలన్నిటికీ పాకింది. మీటరు లేచింది.

యాజమాన్యం పెద్దలు వచ్చిన రోజు వారిలో ఒకాయన సెల్‌ను వేలితో చూపించి, “ఇదేంటండీ, ఇంత మురిగ్గా ఉంది?” అన్నారు.

“మా దొరగారు చేశారండీ. ఆయన్నే అడగండి,” అన్నారు సుభద్ర గారు.

“మురికి కాదండీ. వెలుగు తొందరపడి వెళ్లిపోకుండా చేసిన ఏర్పాటు,” అని పాత సెల్, కొత్త సెల్ పక్కపక్కన కిటికీ ఎండలో పెట్టి మీటరు చూపించాను. ఆయన చాలాసేపు అంకెలు చూసి, తలెత్తి, “మీరు ఎవరి తాలూకండీ?” అన్నారు.

మా తాతగారి పేరు నాలుక మీదే ఉంది.

“సుభద్ర గారి తాలూకండీ,” అన్నాను.

ఆవిడ చప్పున యంత్రం వైపు తిరిగి, అక్కడ తుడవడానికి ఏమీ లేకపోయినా కొంగుతో కిటికీ తుడవసాగారు.

ఆవిడ ఇప్పుడు లేరు. యంత్రం ఉంది. బస్సు దిగి కాలేజీ లోపలికి వెళ్లేసరికి, ఈ ఏడాది చేరిన అమ్మాయి పూత చూడటానికి ఆ కిటికీ దగ్గర వంగబోతోంది.

“ఆగమ్మా,” అని, మూల నుంచి స్టూలు తెచ్చి వేశాను.