గంగాధరరావుగారి బంతిపూల దారి

గంగాధరరావుగారు ఎదుటి మనిషిని యోగక్షేమాలు అడగరు. ఆ మనిషి తాలూకు పోయినవాళ్ళకి తిండిలో ఏమిష్టమో అడుగుతారు. తాటిపాకలో ఆయన్ని చూసి పక్కసందులోకి తప్పుకునేవాళ్ళు తప్పుకుంటారు, దొరికినవాళ్ళు దొరుకుతారు.

బ్యాంకులో కొత్తగా చేరిన ఆఫీసరు "ఏం పని మీద వచ్చేరండీ?" అంటే, "మీ తాతగారున్నారాండీ?" అన్నారు.

"లేరండీ."

"ఆయనకి ఏమిష్టమండీ?"

ఆ కుర్రాడు బెదిరిపోయి "పనసతొనలండీ" అన్నాడు. వెంటనే జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు. ఓ పెళ్ళిలో ఏకంగా వియ్యపురాలినే పట్టుకున్నారు. ఆవిడ తన అత్తగారి ఇష్టాలు మొదలుపెట్టి, ముహూర్తం బాజాలు మోగితే గాని ఆపలేదు. భార్య సీతారత్నానికి తల కొట్టేసినట్టయింది.

ఈ జబ్బు ఆయనకి గల్ఫ్‌లో అంటుకుంది. అక్కడ వెల్డింగు పని చేసిన రోజుల్లో ఆయన గదిలో మిగేల్ అనే మెక్సికో మనిషి ఉండేవాడు. అతని మంచం పక్కన మరియమాత పటం. చామనచాయ, చుక్కల ఆకుపచ్చ ముసుగు, కాళ్ళ కింద నెలవంక. ఆవిడ వెలిసిన కొండమీద, చర్చి రాకముందు, వాళ్ళ పూర్వీకులు కొలిచిన తల్లి ఉండేదనీ, వాళ్ళ నానమ్మ మరియమాతను ఇప్పటికీ ఆ పాతపేరుతోనే పిలుస్తుందనీ చెప్పేవాడు. నవంబరు రెండున పోయినవాళ్ళు ఇంటికొస్తారని, దారి తప్పకుండా బంతిరేకులు చల్లి, ఇష్టమైనవి వండిపెడతారట. గంగాధరరావుగారికి వేరే వివరించక్కర్లేకపోయింది.

"తద్దినమే కదా. కాకి బదులు బంతిపువ్వు," అన్నారు.

మిగేల్ ఇచ్చిన పటం తెచ్చి దేవుడి గూట్లో పెడితే సీతారత్నం నడుం మీద చేతులేసుకుంది.

"ఎవరండీ ఈవిడ?"

"మెక్సికో అమ్మవారు."

"నైవేద్యం?"

"మొక్కజొన్న."

అంతే, కుంకంబొట్టు పెట్టేసి, శుక్రవారం శుక్రవారం మొక్కజొన్న గారెలు వండటం మొదలుపెట్టింది. అమ్మవారితో ఆవిడకి ఏ పేచీ లేదు.

ఆవిడ బెంగల్లా పక్కింటి బేబి గురించి. బేబి మొగుడు భాస్కర్ ఎనిమిది నెలల క్రితం గల్ఫ్‌లో పోయాడు. అక్కడే దహనం చేసేశారు. ఆ పిల్ల ఎదుట వీధిలోవాళ్ళంతా వానల గురించి, కొబ్బరి తోటల గురించి మాట్లాడేవారు గాని భాస్కర్ పేరెత్తేవారు కాదు. బేబి అసలు మాట్లాడటమే మానేసింది. ఈ పిల్ల ఇలాగే రాయైపోతుందేమోనని సీతారత్నానికి నిద్రపట్టేది కాదు.

"ఆ పిల్లని మాత్రం అడక్కండి. నా మీద ఒట్టు."

"ఆయ్," అన్నారు గంగాధరరావుగారు.

బేబి ఇంటికి వెళ్ళి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఒట్టు తీసి గట్టున పెట్టేశారు.

"భాస్కర్‌కి ఏమిష్టమమ్మా?"

వెంట వచ్చిన సీతారత్నం ఆయన చొక్కా పట్టి లాగింది. బేబి నేలకేసి చూసి చూసి, "మాడిన అట్టు, బాబాయిగారూ" అంది.

"మాడిందా?"

"పెళ్ళయిన కొత్తలో నేను మాడ్చేస్తే, మా అత్తగారు తిట్టబోయేరండీ. ఆయన 'నాకలాంటిదే ఇష్టమమ్మా' అనేసేరు. ఇంక సెలవుకొచ్చినప్పుడల్లా అదే తినాల్సొచ్చేదండీ, పాపం." బేబి నవ్వింది. కళ్ళు తుడుచుకుని ఇంకోటి చెప్పింది. రెండు గంటలు ఆగలేదు.

బయటికి రాగానే సీతారత్నం నిలదీసింది. "ఒట్టు తప్పేరు. నాకేవన్నా అయితే?"

"నీకేమిష్టమో నాకు తెలుసులే," అన్నారాయన. తర్వాత మెల్లిగా, "ఏడుస్తుందని అందరూ వాడి పేరు దాచేసేరే. ఆ పిల్లకి మాత్రం చెప్పుకోవాలని ఉండదా? ఎలా ఉన్నావంటే ఏం చెబుతుంది? తిండి సంగతైతే ఎవరైనా చెబుతారు" అన్నారు.

నవంబరు రెండు సాయంత్రం తట్టెడు బంతిరేకులతో బయల్దేరారు. సీతారత్నం శ్మశానం దారి పట్టబోతే ఆపారు.

"వాడక్కడ లేడు కదే. గల్ఫ్ నుంచొచ్చేవాడు ఎక్కడ దిగుతాడు?" అని బస్టాపు దగ్గర మొదటి గుప్పెడు చల్లారు. సీతారత్నం కొంగు నడుముకి దోపుకుని రెండోపక్క తను చల్లుకుంటూ వచ్చింది.

బేబి గుమ్మం దాకా పరిచి లోపలికెళితే, ఆ పిల్ల పెనం ముందు బిక్కమొహం వేసుకుని ఉంది. పళ్ళెంలో మూడట్లు, మూడూ బంగారంలా ఉన్నాయి.

"మాడట్లేదండి, పిన్నిగారూ. ఆయన పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే మాడిపోయేవి. ఒక్కదాన్నే వేస్తుంటే కుదరట్లేదు."

గంగాధరరావుగారు పీట వాల్చుకుని కూర్చున్నారు. "వాడు మొదటిసారి విమానం ఎక్కినప్పుడు ఏం చేసేడో చెప్పమ్మా," అన్నారు.

బేబి ఇంకో అట్టు పోసి, అట్లకాడ పట్టుకుని ఇటు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. వెనక సన్నగా పొగ లేచింది. సీతారత్నం చూసింది గాని, చెప్పలేదు.