మూడో గుంపు

పటాన్‌చెరులో మా ఇంటి వెనకే శ్మశానం. చిన్నప్పుడు పతంగులు అక్కడే ఎగరేసేవాళ్లం. దయ్యం ఎదురొస్తే దాన్నే కిరాయి అడిగే రకం మేము. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. అయినా ఇది రాయక తప్పడం లేదు.

కందిలో ఒక పెద్ద క్యాంపస్‌లో పనిచేస్తాను. ఫిట్స్ వచ్చినప్పుడు మెదడులోని భాగాలు గుంపులు గుంపులుగా ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. ముందు ఏ గుంపు మొదలుపెట్టింది, ఏది వంత పాడింది అని కంప్యూటర్‌లో లెక్కగట్టడం మా పని. పంచాయితీలో మొదట గొంతు లేపిందెవరో పట్టుకోవడం లాంటిదే.

నా చెల్లెలు స్వప్నకు బడి రోజుల నుంచీ ఫిట్స్. మందులు పనిచేయక, ఆపరేషన్ చేద్దామా అని డాక్టర్లు ఆలోచించారు. ఎక్కడ మొదలవుతోందో కచ్చితంగా తెలియాలి. తప్పు చోట కోస్తే మాట పోవచ్చు. అందుకని ఆస్పత్రిలో తలకు వైర్లు అంటించి, వీడియోతో సహా రికార్డు చేశారు. డాక్టరు ఒప్పుకున్నాక అదంతా మా కంప్యూటర్ మోడల్‌కు కూడా ఇచ్చాను.

ప్రతి ఫిట్‌లోనూ రెండే గుంపులు తేలాయి. ఒక్కదాంట్లో మాత్రం మూడోది కనిపించింది. అన్నిటికంటే ముందు కదిలింది అదే.

అది ఏ వైర్ల నుంచి వచ్చిందా అని చూస్తే, అవి స్వప్న తల మీద లేనే లేవు. ఊడిపోయి మంచం మీద పడ్డాయి. చెల్లి వాటి మీదికి దొర్లకుండా అమ్మ తీసి పట్టుకుంది. వీడియోలో అమ్మ చెల్లిని చూడటం లేదు, కిటికీ వైపు తిరిగి ఉంది. ఉన్నట్టుండి ఉలిక్కిపడింది. ఆ తర్వాతే చెల్లికి ఫిట్ వచ్చింది.

వైర్లు పట్టుకున్న చెయ్యి కదిలితే రికార్డులో అలాంటి గీతలు వస్తాయని మా సార్ కొట్టిపారేశారు. నేనూ సరేనన్నాను. కానీ ఆ గీతను చెల్లి ఫిట్ గీత మీద పెట్టి చూస్తే రెండూ ఒకటే.

ఇంట్లో కూడా ఫిట్ రాబోతుందని అమ్మకు ముందే తెలిసేది. పొయ్యి మీద కూర వదిలేసి పరుగెత్తుకొచ్చేది. కన్నతల్లి కదా, తెలుస్తుందిలే అనుకునేవాళ్లం.

ఒకరోజు నేను ఆ వీడియో చూస్తుంటే అమ్మ నా వెనక నిలబడి మొత్తం చూసింది. చెయ్యి కదిలిందంతే అని చెప్పాను.

"చెయ్యి గాదు బిడ్డా. ముందుగాల నా లోపల గుంజుతది, గటెన్క దానికొస్తది. దానికొచ్చేది నాకు తెలుస్తున్నదనుకున్న ఇన్నొద్దులు. నా నుంచే పోతున్నదేమో," అంది.

మరునాడే జిన్నారంలో చిన్నమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి స్వప్నకు ఒక్క ఫిట్ రాలేదు. అదే వారం మార్చిన మందు పట్టిందన్నారు డాక్టర్లు. ఆపరేషన్ వాయిదా వేశారు. మందే అయ్యుంటుందని నేనూ అంటాను. ఫిట్స్ వస్తే రానీ, నువ్వు రా అమ్మా అని చెల్లి ఫోన్‌లో ఏడుస్తుంది. అమ్మ రాదు. సంతోషించాలో ఏడవాలో తెలియకుండా ఉన్నాం ఇద్దరం.

మొన్న చిన్నమ్మ ఫోన్ చేసి, మీ అమ్మకు ఏం రోగమే అని అడిగింది. పని మధ్యలో చటుక్కున కూలబడిపోతుందట. పళ్లు బిగబట్టి, కళ్లు మూసుకుని, పక్కన ఎవరో ఉన్నట్టు ఒకటే మాట అంటుందట.

"నా తాననే ఉండు. పిల్ల దగ్గరికి పోకు."