తిన్నింటి వాసాలు

నా చిన్నప్పుడు మేం డబ్లిన్ శివార్లలో, లూకన్‌లో, రంగు వాసన ఇంకా పోని కొత్త ఇంట్లో ఉండేవాళ్లం. ఆ రోజుల్లో ఐర్లండ్ మొత్తం ఇళ్లు కట్టే పనిలోనే ఉండేది. వాటిలో మనుషులుంటారన్న సంగతి కూడా అప్పుడప్పుడూ గుర్తుచేసుకునేది. అమ్మా నాన్నా ఆఫీసు నుంచి వచ్చేదాకా నన్ను పక్కింటి ఆంటీ చూసుకునేది. ఆవిడ డెన్మార్క్‌లో పాత ఇళ్ల గురించి చదువుకుని వచ్చి, మా కాలనీలాంటివాటికి ఇంట్లోనే కూర్చుని ప్లాన్లు గీసేది.

ఆవిడ భోజనాల గదిలో ఒక పెద్ద బొమ్మ వేలాడేది. నాలుగువందల ఏళ్ల కిందట అక్కడి ఓ రేవుపట్నంలో ఎవరో వర్తకుడు కట్టుకున్న ఇల్లు. కర్రల చట్రమంతా బయటికే కనిపిస్తుంది, సందుల్లో ఇటుకలు. ఒక్కో అంతస్తూ కిందిదానికంటే ముందుకు జరిగి వీధిలోకి తొంగిచూస్తుంది. ప్రతి దూలం కిందా నోరు తెరిచిన ఓ చెక్కుడు ముఖం. అవి దేన్నో బెదరగొట్టడానికట. నా విషయంలో మాత్రం ఏ లోటూ చేయలేదు.

డిసెంబరులో అక్కడ నాలుగున్నరకే చీకటి. ఆంటీ మేడమీదికి వెళ్లింది. నేను ఉప్మా తింటున్నాను. గోడలోంచి టక్ మని వినిపించింది. కాసేపాగి, రెండుసార్లు. తలెత్తితే, బొమ్మలోని ముఖాలన్నీ అప్పుడే మాట ఆపినట్టున్నాయి.

నేను అరవలేదు. ఇలా జడుసుకుంటూ ఉంటే, మేం సెటిలయ్యేదాకా నన్ను నెల్లూరులో అమ్మమ్మ దగ్గర వదిలేద్దామని అమ్మ నాన్నతో అనడం ఆ వారమే విన్నాను. భయం బయటపడితే విమానమే.

ఆంటీ దిగి వచ్చేసరికి బల్ల కింద ఉన్నాను, ప్లేటుతో సహా. ఏడుస్తూ అంతా చెప్పేశాను, నెల్లూరుతో కలిపి. ఆవిడ గోడకి చెవి ఆనించి వింది. మన గోడల్లోనూ కర్రలే, ఆ బొమ్మలో ఇంటివాళ్లు బయటపెట్టుకున్నారు, మనం దాచుకున్నాం, అంతే తేడా అంది. పాతకాలం వడ్రంగులు ప్రతి కర్ర మీదా అంకె చెక్కేవారట. మనమూ లెక్కపెడదాం రమ్మంది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంట, ఆంటీ. అమ్మమ్మ చెప్పింది."

"నా ఉప్మాకి అంత విశ్వాసం అక్కర్లేదులే, రా."

వేలి కణుపులతో కొట్టుకుంటూ వెళ్లాం. డొల్లగా మోగితే ఖాళీ, గట్టిగా మోగితే కర్ర. అక్కడ పెన్సిలుతో అంకె. తొమ్మిదిదాకా వచ్చాం. హీటింగుకి కర్ర ఒళ్లు విరుచుకుంటుంది, చప్పుడు దానిదేనని ఆంటీ చెబుతుండగానే, తొమ్మిదో అంకెకి అవతల, మేమింకా చెయ్యి వెయ్యనిచోట, లోపల్నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. తీరిగ్గా, మేం కొట్టిన వరసలోనే. ఆంటీ పెన్సిలు జేబులో పెట్టేసి, ఇవాళ్టికి తొమ్మిది చాలంది.

ఆరింటికి అమ్మ వచ్చింది. ఆంటీ గుమ్మంలోనే ఆపేసింది. "ఏవండీ, పాపని మాత్రం ఎక్కడికీ పంపకండి, ప్లీజ్. ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలంటే నాకు భయం."

అమ్మ పడీపడీ నవ్వింది. "అన్ని చదువులు చదివి ఇదేం భయమండీ! ఏమే, ఆంటీకి తోడుంటావా?"

ఉంటానన్నాను. నెల్లూరు ఊసు మళ్లీ రాలేదు. ఆ ఏడాదంతా మనవాళ్ల ప్రతి విందులోనూ ఆంటీ భయం గురించే నవ్వుకున్నారు. ఆవిడా నవ్వేది, ఎవరినీ సరిదిద్దలేదు.

ఇప్పుడు నా దగ్గరికి ఏ పిల్లయినా జడుసుకుని వస్తే ధైర్యం చెప్పను. నాకే భయంగా ఉంది, కాస్త తోడుండమంటాను. వెంటనే వాళ్ల వెన్ను నిటారవుతుంది. ఆ రోజు ఆంటీది ఎంతవరకు నటనో నేనెప్పుడూ అడగలేదు. నాది ఎంతవరకో మీరూ అడక్కండి.