ఫారంలో లేని పూత

కరోనా వచ్చిన ఏడాది జూన్‌లో గుంటూరు బ్రాడీపేటలోని ఒక పంట సలహా సంస్థలో సమాచార విభాగం అధిపతిగా చేరాను. అంతకుముందు చాలా ఏళ్లు ప్రభుత్వ గణాంక శాఖలో పనిచేసి స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాణ్ని. కొత్త చోట నా కింద ఆరుగురు. వారిలో డేటా సైంటిస్టు హోదా ఒక్కరిదే. పేరు నస్రీన్. దర్శి అమ్మాయి, అప్పటికి ఇరవై ఆరేళ్లు. హైదరాబాదులో బ్యాంకు లెక్కల ఉద్యోగం వదిలేసి, పొలాల లెక్కలు చేస్తానని వచ్చింది.

మా పని ఇది. క్షేత్ర సహాయకులు వారానికోసారి మిర్చి చేలకు వెళ్లి, ఎకరానికి పది మొక్కలు ఎంచుకుని, ఒక్కో మొక్కకు మూడు ఆకులు తిప్పి, అడుగున ఉన్న తామర పురుగుల్ని లెక్కపెట్టి ట్యాబ్‌లో నింపుతారు. ఆ లెక్కకు వాన, ఎండ, నాటిన తేదీ కలిపి, వచ్చే వారం పురుగు ఎంత ఉంటుందో అంచనా వేసే ప్రోగ్రామును మోడల్ అంటాం. దాన్ని తయారుచేసింది నస్రీన్. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు మాటల్లో ఒకటి సోమవారం పొద్దున రైతు ఫోనుకు వెళ్తుంది. తక్కువ అని వెళ్తే రైతు మందు కొట్టడు. ఆకులు లెక్కపెట్టే ఫారం మాత్రం నాది. శాఖలో నేర్చిన పద్ధతిలో గళ్లు గీసి ఇచ్చాను.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఆ వారం అంచనాలు నా ముందు పెట్టేది. నేను సంతకం పెట్టబోతుంటే, "ఇది మనకెలా తెలుసు సార్?" అనేది. మొదట్లో చిరాకేసేది. ఆ తర్వాత శుక్రవారం ఎప్పుడొస్తుందా అని చూడటం మొదలుపెట్టాను.

మొదటి ఏడాది అంచనాలు బాగా కుదిరాయి. రెండో ఏడాది మిర్చి పూత మీదుండగా దర్శి వైపు నుంచి సుబ్బరామయ్య అనే రైతు ఆఫీసుకు ఫోన్ చేసి గట్టిగా కేకలేశాడు. నస్రీనూ నేనూ జీపులో బయల్దేరాం. చేను గట్టున దిగేసరికి ఆయన మొక్కల మొదళ్లు చూపించాడు. పూతంతా రాలి నేలమీద ఉంది.

"ఏమ్మా, తక్కువన్నారే! ఇదేనా మీ తక్కువ?" అన్నాడు.

నస్రీన్ వంగి ఆకులు తిప్పి చూసింది. అడుగున పెద్దగా ఏమీ లేదు. మోడల్ చెప్పింది నిజమే అనిపించేలా ఉన్నాయి ఆకులు. పక్క సాలులో కలుపు తీస్తున్న మరియమ్మ అనే ఆవిడ లేచి వచ్చింది.

"ఆకుల్లో ఏం చూస్తావమ్మా, పువ్వు ఇప్పి చూడు" అని ఒక పువ్వు కోసి నస్రీన్ అరచేతిలో దులిపింది. నల్లటి నలకలు చేతి నిండా పరుగెత్తాయి. అది నల్ల తామర పురుగు. పాతదానిలా ఆకు కింద ఉండదు, పూలలో చేరుతుంది.

"ఎన్నాళ్ల నుంచి చూస్తున్నారమ్మా?" అని నస్రీన్ అడిగింది.

"మూడు వారాలైద్ది. మీవాళ్లకి చెప్పాగా. రాసుకోటానికి చోటు లేదన్నారు."

నా ఫారంలో పువ్వుకు గడి లేదు. మర్నాడే ఫారంలో ఆ గడి చేర్చాం, రైతులందరికీ కొత్త కబురు పంపాం. సుబ్బరామయ్యకు అప్పటికే ఆలస్యమైపోయింది. సగం చేను దున్నేశాడు.

ఆ నెల సమీక్షలో మా ఎండీ ఆ పరిసరాల పొలాలను అవుట్‌లయర్లుగా, అంటే మందకు దూరంగా పడిన లెక్కలుగా, పక్కన పెట్టి నివేదిక ఇమ్మన్నారు. నస్రీన్ వాదించలేదు. ఆ పొలాలు కలిపి ఒక పట్టిక, తీసేసి ఒక పట్టిక, రెండూ పక్కపక్కన పెట్టి ఇచ్చింది. ఆ పొలాలు తీసేసిన పట్టిక ఒక్కటే ఎండీ డైరెక్టర్ల బోర్డుకు పంపారు.

సంక్రాంతి సెలవులయ్యాక నస్రీన్ నా గదికి వచ్చి, నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తున్నానని చెప్పింది. ఇక్కడే మోడల్ బాగుచేసుకోవచ్చు కదమ్మా అన్నాను.

"తప్పు చెప్తే బాగుచేయొచ్చు సార్. మనం అసలు చూడనిదాని గురించి అది అంత ధీమాగా తక్కువని చెప్పింది. ఆ ధీమా ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలియాలి. ఇక్కడ ప్రతి సోమవారం మెసేజ్ వెళ్లాల్సిందే. ఆగి ఆలోచించే టైం ఎవరిస్తారు?"

నేనూ ఒకప్పుడు పీహెచ్‌డీకి నమోదు చేసుకుని మానేశానని ఎప్పుడో మాటల్లో చెప్పాను. అది గుర్తుంచుకుని, "మీరెందుకు ఆపేశారు సార్?" అని అడిగింది.

"ఉద్యోగం వచ్చింది" అన్నాను.

ముప్పై ఏళ్లుగా అందరికీ చెప్తున్న జవాబే అది. సగం జవాబని నాకు ఆ రోజే అనిపించింది.

సిఫారసు ఉత్తరం నేనే రాయాలి. నాలుగు రోజులు రాయలేదు. పని ఉందన్నాను. పనేమీ లేదు. ఆమె వెళ్లిపోతే శుక్రవారాలు ఎలా గడుస్తాయో ఊహించుకోలేక వాయిదా వేశాను. ఐదో రోజు కూర్చుని, దర్శి చేనులో జరిగింది జరిగినట్టు రాశాను. ఫారం లోపం నాదని, ఆమె దాన్ని కప్పిపెట్టడానికి ఒప్పుకోలేదని, రెండు పట్టికల సంగతితో సహా రాశాను. సంస్థ తరఫున వెళ్లేది కాబట్టి ఎండీ చదివి, ఆ పేరా తీసేయమన్నారు. సంస్థ పేరు చెడుతుందన్నారు. తీయలేదు. సంస్థ లెటర్‌హెడ్ వాడకుండా, సంస్థ పేరు లేకుండా, తెల్ల కాగితం మీద నా సొంత హోదాలో పంపాను. ఆ తర్వాత నాకు ఇస్తామన్న రెండేళ్ల ఉద్యోగ పొడిగింపు మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. అయిపోగానే నా గదికి వచ్చింది.

"మీ పేరా గురించే అడిగారు సార్, దాదాపు మొత్తం. మరియమ్మగారు ఏమన్నారో మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు."

సీటు వచ్చింది. ఆగస్టులో వెళ్లింది. ఆఖరి శుక్రవారం ఎప్పటిలాగే లెక్కలు తెచ్చి, ఒక అంకె మీద పావుగంట నాతో పేచీ పెట్టుకుని, నేను ఒప్పుకున్నాకే లేచింది.

ఆమె చోటుకు వచ్చిన కుర్రాడు చురుకైనవాడు. లెక్కలు తప్పులేకుండా తెచ్చేవాడు, సంతకం చేయించుకుని వెళ్లేవాడు. పది నిమిషాల్లో పని అయిపోయేది. మిగతా మధ్యాహ్నం కిటికీలోంచి బ్రాడీపేట ఆటోలు చూస్తూ కూర్చునేవాణ్ని. మార్చిలో ఉద్యోగం విరమించాను. ఇప్పుడు మిర్చి పూసే రోజుల్లో ఏ చేను పక్కన బస్సు ఆగినా, దిగి ఒక పువ్వు ఇప్పి చూడాలనిపిస్తుంది. చూశాక ఎవరితో చెప్పాలో తెలియక దిగను. ఆమె రెండు మూడు నెలలకోసారి తన థీసిస్‌లో ఒక అధ్యాయం పంపుతుంది. చదివి ప్రశ్నలు రాస్తాను. జవాబు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు ఈమెయిల్ తెరిచి చూస్తాను.

ఈ అనుభవం నాకు నేర్పిన సంగతి చిన్నది. సిఫారసు ఉత్తరంలో మెప్పులు రాస్తే చదివేవారికి మనిషి తెలియదు. పని చెడినప్పుడు ఆ మనిషి ఏం చేసిందో రాయాలి. అలా రాయబోతే ఆ చెడులో మన వంతు కూడా బయటపడుతుంది. అధికారులు ఉత్తరాలు పొడిపొడిగా రాసేది అందుకే. నేనూ అలాంటివి చాలా రాశాను. నా ఉద్యోగం మొత్తంలో నిజమైన ఉత్తరం ఇదొక్కటే రాశాను.