జాగ్రత్తగారి బాణం గుర్తు

ఆఫీసులో అతన్ని పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పైఅధికారి నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ‘జాగ్రత్తగారే’. భూముల సర్వే ఆఫీసు రికార్డు రూములో ఇరవై రెండేళ్ళుగా పాత పటాలకి కాపలా కాస్తున్నాడు. ఎవరైనా పటం చూడాలని వస్తే ముందు చేతులు తుడుచుకోమంటాడు. టీ గ్లాసు తెచ్చుకుంటే గుమ్మం బయటే పెట్టిస్తాడు. పటం విప్పినంతసేపూ పక్కనే నిలబడి, మడతపడే చోట తన ఊపిరి కూడా బిగబట్టుకుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్క కాగితం పోలేదు. ఆ ఒక్క ముక్కా చాలు, మనిషి తలకి పొగరెక్కడానికి.

ఇప్పుడు చెప్పబోయేదంతా అతను చెప్పుకోగా తెలిసిందే. చెప్పేటప్పుడు తనని తాను ‘ఆ మహానుభావుడు’ అంటాడు, ఎవరో పక్కవీధి మనిషి సంగతి చెబుతున్నట్టు.

వాళ్ళమ్మ ముప్ఫై ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుంది. ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికొస్తోందో, ఏది ఎంత ఆలస్యమో, తప్పిపోయిన పిల్లాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో, అన్నీ ఆవిడే చెప్పేది. ముఖం ఎవరికీ తెలీదు, గొంతు అందరికీ తెలుసు. కూరలు బేరమాడుతుంటే అమ్మే మనిషి చెయ్యి ఆపి, “మిమ్మల్నెక్కడో విన్నానమ్మా” అనేది. ఇంట్లోనూ అదే వరస. స్నానానికి ఎవరి వంతో, ఇస్త్రీ బట్టలు ఎక్కడున్నాయో, వంటింట్లోంచే ప్రకటన వెలువడేది.

రిటైరైన రెండేళ్ళకి ఆ గొంతులోనే గడ్డ తేలింది. ప్రాణం నిలవాలంటే స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నాడు డాక్టరు. ఆపరేషనుకి పన్నెండు రోజులు టైముంది. ఆ పన్నెండు రోజులూ అతను సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఫోను భోజనాల బల్ల మీద పెట్టి, “మాట్లాడమ్మా” అనేవాడు.

“ఏం మాట్లాడనురా?”

“ఏదైనా సరే.”

“ఏదైనా అంటే నోరు రాదు. ఏదో ఒకటి అడుగు.”

అడిగాడు. నాన్నని మొదటిసారి ఎక్కడ చూసిందో, చెల్లెలు పుట్టినప్పుడు ఆస్పత్రిలో కరెంటు పోయిన సంగతి, మైకు ఆపడం మర్చిపోయి పై అధికారిని తిడితే బస్టాండంతా విన్న సంగతి. మనవరాలిని ముద్దుపేరుతో పిలవమన్నాడు. పాత బస్సు ప్రకటన ఒకటి, పొద్దున్నే పిల్లల్ని లేపే అరుపు ఒకటి వినిపించమన్నాడు. ఊరికే నవ్వమన్నాడు. అలా ఇరవై మూడు రికార్డింగులయ్యాయి. ఆపరేషను బాగా జరిగింది. ఆవిడ లేచి తిరిగింది, పత్రికలు చదివింది, కోడలితో కలిసి సినిమాకి కూడా వెళ్ళింది. మాట మాత్రం చిన్న తెల్ల పలక మీదికి మారింది. మెడలో తాడుకి మార్కరు వేలాడుతూ ఉండేది. అలకొస్తే మార్కరు మూత టప్పున పెట్టేసేది, దాంతో సంభాషణ ముగిసినట్టు.

ఇక ఆ ఇరవై మూడింటి సంరక్షణ మహానుభావుడి చేతిలో పడింది.

మొదట చేసిన పని, వాటిని ఫోనులోంచి ఇంటి కంప్యూటర్లోకి మార్చి, ఫోనులోంచి తుడిచెయ్యడం. ఫోను చెయ్యి జారే వస్తువు కదా. చెల్లెలు తనకీ కావాలని గోల చేస్తే విధిలేక పంపాడు. ఆ పిల్ల గంట తిరక్కుండా బంధువుల గ్రూపులో వరసగా అన్నీ పెట్టేసింది. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. గ్రూపులో ఇంత పొడుగు ఉపదేశం రాశాడు. “అమ్మ గొంతు ఊరంతా పంచిపెట్టడానికి కరపత్రం కాదు. పదిచోట్ల పడి ఉన్న వస్తువు ఎక్కడా లేనట్టే లెక్క. అందరూ దయచేసి తీసెయ్యండి. భద్రంగా ఒకచోట నా దగ్గరుంది.” బంధువులు నిజంగానే భయపడి తీసేశారు. చెల్లెలు బదులివ్వలేదు. అప్పట్నించీ అన్నాచెల్లెళ్ళ మధ్య కుశలప్రశ్నలే మిగిలాయి.

తరవాత కంప్యూటరుకి బయట తగిలించే హార్డ్‌డిస్కు కొన్నాడు. ప్రతి ఆదివారం టిఫిను కాగానే కంప్యూటరు ముందు కూర్చునేవాడు. తెర మీద ‘అమ్మ గొంతు’, ‘ఫొటోలు’, ‘ఇంటి కాగితాలు’ అని బొమ్మలుండేవి. ఒక్కోదాన్నీ పట్టి లాగి హార్డ్‌డిస్కులో పడేసేవాడు. క్షణంలో అయిపోయేది. బొమ్మ మూలన వంపు తిరిగిన చిన్న బాణం గుర్తుండేది. సరుకు క్షేమంగా చేరిందని కంప్యూటరు వేసే ముద్ర అది అనుకున్నాడు. ఆఫీసులో పటం వెనక్కొచ్చాక తనూ అలాగే ఒక టిక్కు పెడతాడు మరి.

“ఇంత తొందరగా ఎలా అయిపోతోందండీ?” అని భార్య ఓసారి అడిగింది. ఆవిడ మందుల షాపులో ఫార్మసిస్టు. సీసా మీద తారీకు చూడందే ఎవరికీ మందివ్వదు.

“మంచి డిస్కులే,” అన్నాడు.

“తెరిచి చూశారా?”

చూశాడు కూడా. హార్డ్‌డిస్కులో ‘అమ్మ గొంతు’ నొక్కితే అమ్మ చక్కగా మాట్లాడింది. భార్య వైపు గర్వంగా చూశాడు. ఇలా ఆరేళ్ళు, దాదాపు మూడొందల ఆదివారాలు. జ్వరమొచ్చినా మానలేదు.

ఒక మంగళవారం పొద్దున కంప్యూటరు లోపల్నించి గోడగడియారంలా టిక్కు టిక్కుమని చప్పుడు చేసి, నల్లబడిపోయింది. రిపేరు షాపాయన విప్పి చూసి పెదవి విరిచాడు. “లోపలి డిస్కు అరిగిపోయి గీతలు పడిందండీ. పెద్ద ల్యాబుకి పంపినా ఏమీ రాదు. ఇందులో ముఖ్యమైనవేమన్నా ఉన్నాయా?”

మహానుభావుడు ఆ ప్రశ్న కోసమే ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. “ఉన్నాయి. కానీ అన్నిటికీ నా దగ్గర బ్యాకప్ ఉంది,” అన్నాడు. షాపులో ఇంకో ఇద్దరుంటే వాళ్ళకీ వినబడేలా అన్నాడు. అంతటితో ఊరుకోకుండా, అజాగ్రత్తపరులు ఎలా నష్టపోతారో పది నిమిషాలు ఉపన్యాసమిచ్చాడు. షాపాయన స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని మర్యాదగా విన్నాడు.

మర్నాడు కొత్త కంప్యూటరొచ్చింది. హార్డ్‌డిస్కు తగిలించి ‘అమ్మ గొంతు’ నొక్కాడు. బొమ్మ తెల్లకాగితంలా పాలిపోయి ఉంది. మీరు వెతుకుతున్నది అసలు చోట లేదంటూ చిన్న డబ్బా తెర మీదికొచ్చింది. ఇంకోసారి నొక్కాడు. వైరు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. హార్డ్‌డిస్కు చంకన పెట్టుకుని షాపుకి పరిగెత్తాడు.

షాపాయన చూశాడు. నిన్నటి ఉపన్యాసం ఇంకా చెవుల్లోనే ఉందేమో, నవ్వు రాకుండా బుగ్గ కొరుక్కున్నాడు. “సార్, ఇవన్నీ షార్ట్‌కట్లండీ. అసలు ఫైళ్ళు పాత కంప్యూటర్లో ఉండేవి. ఇవి వాటికి దారి చూపించే బొమ్మలు. బాణం గుర్తుంది చూశారా? అదే దాని అర్థం. ఇందులో ఇళ్ళ అడ్రసులున్నాయి గానీ ఇళ్ళు లేవు.”

“మరి నేను నొక్కితే మాట్లాడిందే?”

“పాత కంప్యూటరుకే తగిలించి నొక్కి ఉంటారు. అప్పుడది పక్కింట్లోంచి తెచ్చి వినిపించింది.”

పటాల మనిషి. అడ్రసుకీ ఇంటికీ తేడా తెలీకపోవడమా! అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. మూడొందల ఆదివారాలు, ఖాళీ సంచీ ఇంటి నుంచి ఇంటికే మోశాడు.

నాలుగు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కంప్యూటరు ఇంకా సర్దుతున్నానన్నాడు. అన్నం సరిగ్గా తినడం లేదని అమ్మే కనిపెట్టింది. పలక మీద “ఏమైంది?” అని రాసి ముఖం ముందు పెట్టింది. ఏం లేదన్నాడు. ఆవిడ “ఏమైంది?” కింద గట్టిగా గీత గీసింది. ఇక దాచలేక మొత్తం చెప్పేశాడు. తప్పు చేసిన పిల్లాడిలా నేల చూపులు చూస్తూ, “నీ గొంతు పోగొట్టానమ్మా,” అన్నాడు.

ఆవిడ పలక మొత్తం తుడిచింది. తరవాత రాసింది: “అది డాక్టరు ఎప్పుడో తీశాడు. నేను ఉన్నాను కదరా.”

దాంతో అతనికి ఏడుపు ఇంకా ఎక్కువైంది. భార్య మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, “మీ చెల్లెల్ని అడిగారా?” అంది.

“అది తీసేసి ఉంటుంది.”

“మీరు చెప్పారనా?” అని భార్య అదోలా చూసింది. “ఆవిడ మీ మాట ఎప్పుడు విన్నదండీ?”

చెల్లెలు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఫోను చేసే ముఖం లేక అతను నేరుగా ఆ మైదానానికే వెళ్ళాడు. కారులో స్టీరింగు ముందు నడివయసావిడ ఒకామె కూర్చుంది. పక్కసీట్లో చెల్లెలు. అన్నని చూసి, “క్లాసు మధ్యలో దిగలేను, వెనక ఎక్కు,” అంది. ఎక్కాడు. కారు కుదుపులతో మైదానం చుట్టూ తిరుగుతుంటే, ముందు సీట్ల మధ్యలోకి తల పెట్టి, బాణం గుర్తు కథంతా చెప్పుకున్నాడు.

చెల్లెలు పగలబడి నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. “క్లచ్ మెల్లగా వదలండి,” అంది నేర్చుకునే ఆవిడతో. తరవాత అన్నతో, “నువ్వు తీసెయ్యమన్నావని తీసేద్దామనే అనుకున్నా అన్నయ్యా. బద్ధకమేసింది,” అంది.

“ఏమిటీ?”

“కొన్ని ఈ ఫోనులో ఉన్నాయి. కొన్ని పిల్లలు ఆడుకునే పాత ఫోనులో ఉండాలి. అమ్మ ‘లేవండర్రా, ఏడయింది’ అని అరిచింది చూడు, అది నా అలారం. ఆరేళ్ళుగా రోజూ దాంతోనే లేస్తున్నా.”

ఫోనుకి అద్దం మీద నాలుగు బీటలు. వేలుతో అటూ ఇటూ తోసి ఏదో నొక్కింది. ఫోను కారు స్పీకరుకి కలిపి ఉన్నట్టుంది, అమ్మ గొంతు ఒక్కసారిగా కారంతా నిండిపోయింది. “ప్రయాణికులకు మనవి. అయిదో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు మరో రెండు నిమిషాల్లో బయల్దేరును...”

కారు కీచుమని ఆగింది. అతని నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. నేర్చుకునే ఆవిడ స్టీరింగు వదిలేసి వెనక్కి తిరిగింది. “ఈవిడ బస్టాండు ఆవిడ కదండీ! కాలేజీకి వెళ్ళినన్నాళ్ళూ ఈవిడ పిలిస్తేనే నేను పరిగెత్తేదాన్ని. మీకెవరండీ ఈవిడ?”

“మా అమ్మ,” అని అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి అన్నారు.

అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నుదురు గట్టిగా తగిలిందని చెప్పాడు. ఆ అబద్ధం ఎవరూ నమ్మలేదని ఇప్పుడు అతనే చెబుతాడు.

రెండు ఫోనులూ గాలిస్తే పదిహేడు దొరికాయి. అవి కాక అతనికి తెలియని పద్దెనిమిదోది ఒకటి బయటపడింది. ఆ పన్నెండు రోజుల్లోనే ఓ మధ్యాహ్నం అతను ఆఫీసులో ఉండగా చెల్లెలు చేసింది. అందులో అమ్మ అతని గురించి చెబుతోంది: “వీడికి చిన్నప్పట్నించీ అంతే. కొత్త పెన్సిలు కొనిస్తే పోతుందని దాచేవాడు. ఎక్కడ దాచాడో మర్చిపోయి ఇల్లంతా ఏడుస్తూ తిరిగేవాడు. దొరికేసరికి క్లాసు మారిపోయేది.” వెనక చెల్లెలి నవ్వు. అమ్మ నవ్వు. అది పది సార్లు విన్నాడు. తన మీద వేసిన జోకు అంత ఇష్టంగా విన్న మనిషి ఇంకొకడు ఉండడంటాడు.

ఆదివారం అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆపరేషనయ్యాక అమ్మ తన గొంతు వినడానికి ఒప్పుకోవడం అదే మొదటిసారి. బస్టాండు ప్రకటన రాగానే కనుబొమలు ముడిచి పలక అందుకుంది. “తప్పు. ఆ బస్సు ఆరో నంబరు. అయిదు కాదు.” ఆ తరవాత పిల్లల్ని లేపే అరుపు వినిపించారు. చేతులు చెవుల మీద పెట్టుకుని, మళ్ళీ రాసింది: “ఇంత గట్టిగా అరిచేదాన్నా? చెప్పచ్చు కదా!”

“చెబితే వినేదానివా అమ్మా, నీ గొంతు తగ్గితేగా మాది వినబడేది,” అంది చెల్లెలు. అమ్మ మూత టప్పున పెట్టింది గానీ, భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

ఇప్పుడు ఆ పద్దెనిమిదీ మూడుచోట్ల ఉన్నాయి. ఒక కాపీ ఇంటి కంప్యూటర్లో, ఒకటి హార్డ్‌డిస్కులో, ఒకటి చెల్లెలి ఇంట్లో ఇంకో డిస్కులో. చెల్లెలి డిస్కు ఆ చిందరవందర అలమారాలో ఎక్కడుంటుందో అతను అడగడు. అడిగితే నిద్రపట్టదు. ఆర్నెల్లకోసారి హార్డ్‌డిస్కు తీసుకెళ్ళి భార్య పనిచేసే మందుల షాపు కంప్యూటరుకి తగిలించి, అక్కడ పలికితేనే ఉందని నమ్ముతాడు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ముందుగా ఈ కథే చెబుతాడు. జాగ్రత్త గురించి మిగతా ఉపన్యాసాలు మానేశాడు.

మిగిలిన ఆరు మాత్రం దొరకనే లేదు. అందులో నాన్నని మొదటిసారి చూసిన సంగతి ఒకటి. చాలాకాలం దాని ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మొన్న వానాకాలంలో అమ్మే ఒక నోటుపుస్తకం కొనుక్కుంది. పోయిన ఆరింట్లో ఏమేం చెప్పిందో గుర్తున్నంత మేర రోజుకో పేజీ రాసింది. నిండగానే తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. అతను వెంటనే ఫోను తీసి, పుస్తకం బల్ల మీద పరిచి, ఒక్కో పేజీకీ ఫొటో తియ్యబోయాడు.

అమ్మ మార్కరుతో వేళ్ళ మీద ఒక్కటి వేసింది. పలక తీసుకుని రాసింది: “ముందు చదువు.”

అతను ఫోను బోర్లా పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అమ్మ ఎదురుగా కూర్చుని, ఎక్కడ నవ్వుతాడా అని అతని ముఖంకేసే చూస్తోంది.