మూతకు కట్టిన కవరు

కమలాపురం దగ్గర మాకు ఎకరా మిరప తోట ఉండాది. పోయినేడు ఆకుముడత వస్తే, గాలి లేవకముందే మందు కొడదామని తెల్లారే పోయినాను. మందు కొట్టే పెట్రోల్ మిషన్ స్టార్టయ్యేది, నిమిషానికే ఆగిపోయేది. కార్బొరేటర్‌ను నోటికొచ్చినట్టు తిడుతా మూడుసార్లు విప్పి, ఊది, బిగించినా. తాడు లాగీ లాగీ రెక్కలు పడిపోయినాయి.

"పెట్రోలు ట్యాంకు మూతకు ఆ ప్లాస్టిక్ కవరేంది?" అనింది మందులోకి నీళ్లు మోసుకొచ్చిన నా భార్య.

"దుమ్ము పోకుండా నేనే కట్టినా. నీకు తెలీదు, ఊరకుండు!" అని అరిచినా.

ఆమె కవరు పీకేసింది. మూతకుండే సన్న బెజ్జంలో గాలి లోపలికి పోతేనే పెట్రోలు కిందికి దిగేది. దాన్నే నేను మూసిపెట్టినా! ఈసారి ఒక్క లాగుకే ఇంజన్ అందుకునింది.

అప్పటికే గాలి లేచింది, కొడితే మందంతా ఎగిరిపోతాది. నిండు ట్యాంకు మందు వీపున మోసుకొని ఇంటికి తిరిగొచ్చినా. కార్బొరేటర్‌ను తిట్టిన తిట్లన్నీ దోవ పొడుగునా నాకే తగిలినాయి.